టీవీకెక్కిన మాట

“ఎవరు చెప్పినారో అది తేలాల ముందు. మిగతాయన్నీ తర్వాత” అంది ఉరుకుందమ్మ.

సోమవారం పొద్దు బాగా పైకొచ్చింది. ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా మగ్గాలు ఆడుతున్నాయి. సోమన్న ఇంట్లో మాత్రం మగ్గం గుంతలో మనిషి ఉన్నాడు గాని చప్పుడు లేదు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతిలో పట్టుకుని, నేసిన కాస్త గుడ్డ వైపు చూస్తూ సోమన్న ఉలకకుండా కూర్చున్నాడు.

ఆయన కూతురు చౌడేశ్వరి ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతుంది. బడికి చీర కట్టుకుంది. జడ సగం అల్లి ఆపేసి వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది.

“నేను చెప్పలేదమ్మా.”

“మల్ల గోడలు చెప్పినాయా? ఆ మాట అన్నప్పుడు ఈ వంటింట్లో ఉండింది ముగ్గురం. నేను, నువ్వు, వాడు. నేను చెప్పుకుంటానా? వాని గొయ్యి వాడు తవ్వుకుంటాడా? ఇంకెవరు మిగిలినారు?”

“రాత్రి నుంచి అదే అంటాండావు. నేనూ అదే చెప్తాండా. నేను చెప్పలేదు.”

ఉరుకుందమ్మ ఫోను మళ్లీ మోగింది. ఆదోని నుంచి ఆమె తమ్ముడు ఈరేష్. అవతల ఏమన్నాడో గాని, “టీవీలో వచ్చేవన్నీ నిజమైతే రోజుకు ఎంతమంది చచ్చి బతకాల!” అని అరిచి ఆమె ఫోను పెట్టేసింది.

ఆదివారం సాయంత్రం వచ్చే నేరాల సీరియల్ ఈ వీధిలో అందరూ చూస్తారు. నిన్న కూడా చూశారు. యథార్థ సంఘటన ఆధారంగా తీశామని, పేర్లు మార్చామని మొదట్లో వేశారు. ఊరి పేరు మారింది, పిల్ల పేరు మారింది, మగ్గం మాత్రం మారలేదు.

ఒక నేతగాని కొడుకు. ఫోనులో ఒక గ్రూపు. ఒకరి మొహం ఒకరు చూడని కుర్రవాళ్లు అందులో చేరి, ఒంటరిగా ఉండే ఆడపిల్లల్ని వెతుకుతారు. ఆడపేరు పెట్టుకుని స్నేహం చేస్తారు. నెమ్మదిగా ఫొటోలు తీసుకుంటారు. ఆ తర్వాత అవి చూపించి బెదిరిస్తూ ఒక్కొక్క పనీ చేయిస్తారు. దానికి ఆట అని పేరు. చివరికి ఆ పిల్ల కాలువ దగ్గరికి పోతుంది.

అంతవరకు పేపర్లలో వచ్చిందే. ఈ వీధి పిల్ల యామిని అలాగే కాలువలో పడింది. గొర్రెల కాపరులు చూసి బయటికి లాగారు. ప్రాణం నిలిచింది గాని మాట రాలేదు. కేసులో ఇద్దరు దొరికారు. చౌడేశ్వరి తమ్ముడు శేఖరును పోలీసులు పిలిచి అడిగారు, ఫోను తీసుకున్నారు, గ్రూపులో ఊరికే ఉన్నాడు తప్ప ఏమీ చేయలేదని పంపేశారు. ఇంట్లో వాళ్లు ఊరికి చెప్పింది కూడా అదే.

కానీ నిన్న సీరియల్లో ఒక వంటిల్లు చూపించారు. అక్క తమ్ముని ఫోను తెచ్చి తల్లికి ఒక మెసేజీ చదివి వినిపిస్తుంది. తల్లి వేషం వేసినామె కొడుకు తల నిమిరి, “తుడిచెయ్ నాన్నా. తుడిచేస్తే ఏమీ జరగనట్టే” అంటుంది.

ఉరుకుందమ్మ ఆ రోజు, “తుడిచెయ్‌రా. తుడిచేస్తే ఏమీ జరగనట్టే” అంది. నాన్నా అనలేదు. అంతే తేడా.

“నీకు వాడంటే మొదటి నుంచీ కంటు” అంది తల్లి. “వానికి పరీక్షలు పోయినప్పుడు నవ్వితివి. పోలీసోళ్లు పిలిచినప్పుడు కూడా వాళ్ల ముందర నోరిప్పుతావేమోనని నా ప్రాణం నా చేతిలో లేదు.”

“ఇప్పింటే బాగుండు.”

“ఇప్పినావు గదా మల్ల! స్టేషన్‌లో కాదు, టీవీలో.”

“ఏం మాట అది?”

తల్లీ కూతురూ ఇద్దరూ ఆగిపోయారు. గుంతలోంచి సోమన్న వాళ్ల వైపు చూస్తున్నాడు.

“టీవీలో ఆ తల్లి కొడుకుతో అనిన మాట. నిన్న చూసినప్పుడు టీవీ వాళ్లు కల్పించినారనుకుంటి. అది నువ్వనిందేనా?”

ఉరుకుందమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. “అంటి. ఏం చేయమంటావు? పోలీసోళ్లు వస్తాండారని తెలిసినాక బిడ్డను చేతులారా అప్పజెప్పమంటావా?”

“ఎప్పుడంటివి?”

ఉరుకుందమ్మ కూతురి వైపు చూసింది. చౌడేశ్వరే చెప్పింది. “నువ్వు ఆపొద్దు ఇంట్లో లేవు నాయనా. యామినిని తీసుకోని కర్నూలుకు పోయినావు.”

సోమన్న నాడెను మగ్గం మీద పెట్టాడు. “ఆ పాపను ఆటోలో ఒళ్లో పండబెట్టుకోని పోతాంటి. దోవంతా పిలుస్తానే ఉంటి. నువ్వు ఈడ ఇది చేస్తాంటివి.”

“నేను కన్నది వాన్ని” అంది ఉరుకుందమ్మ.

“వాడేం రాసినాడు దాంట్లో?”

“నాయనా, వదిలెయ్.”

“నేను చదువుకోలేదు గాని నువ్వు చదివితే నాకు అర్థమైతాది. ఏం రాసినాడు?”

చౌడేశ్వరి నేల వైపు చూస్తూ చెప్పింది. ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. “మా వీధిలో ఒక పిల్ల ఉంది. నాన్న లేడు. అన్నదమ్ములు లేరు. ఏం జరిగినా అడగడానికి ఎవరూ రారు.”

 సోమన్న మగ్గం గుంత అంచు పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు.

“మనం లేమా?” అన్నాడు.

అప్పుడే వీధి తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

వచ్చింది ఓబులమ్మ, యామిని తల్లి. రెండిళ్ల అవతల ఉంటుంది. మొగుడు పోయిన నాటి నుంచి ఈ ఇంటి మగ్గానికి, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టి బతుకుతోంది. కూతుర్ని వేంపల్లెలో తన తమ్ముడు గోపీనాథ్ ఇంట్లో పెట్టి, పని కోసం మొన్ననే తిరిగొచ్చింది. ఆమె చేతిలో సంచి ఉంది. అందులో ఉండాల్సింది కండెలు. చుట్టని నూలు ఇచ్చింది ఇచ్చినట్టే కనిపిస్తోంది.

“రా ఓబులమ్మా, కూర్చో” అంది ఉరుకుందమ్మ.

“కూర్చోడానికి రాలేదక్కా.” సంచిని గోడవారన పెట్టి సోమన్న వైపు తిరిగింది. “బావా, పొద్దున కొళాయి కాడ ఎవరో పిల్ల ఫోనులో చూపించింది. నాకు టీవీ లేదు గదా. ఒక మాట అడిగిపోదామని వచ్చినా. దాని పేరు వాళ్లకు ఇచ్చింది మన శేఖరేనా?”

మన శేఖరు అని ఆమె అలవాటుగా అంది. ఆ మాటకు చౌడేశ్వరి మొహం గోడ వైపు తిప్పుకుంది.

“టీవీ వాళ్లు వెయ్యి కల్పిస్తారు” అంది ఉరుకుందమ్మ.

“నేను బావనడిగినాక్కా.”

“వాడు ఊరికే ఉన్నాడని పోలీసోళ్లే చెప్పిరి గదా, ఇంకా…”

“ఔ ఓబులమ్మా” అన్నాడు సోమన్న. “వాడే.”

ఓబులమ్మ ఏడవలేదు. తిట్టలేదు. విన్నది నిజమో కాదో అన్నట్టు ఆయన మొహం వైపే చూసింది.

“రాఖీ పండగకు అది వానికి దారం కడతాండె” అంది చివరికి. “దానికి అన్నదమ్ములు లేరని ఎట్ల రాసినాడు బావా?”

సోమన్న భుజం మీది టవలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“జుట్టు కత్తిరించుకున్నప్పుడు అడిగినా నేను, ఏమైందే అని. చుండ్రు పోతల్లేదమ్మా అనింది. నమ్మితి. వాళ్లు చేయించినారని నాకేం తెలుసు? ఉసిరికాయ నూనె తెచ్చి దాని తలకు దినామూ పూసినా. నేను పూస్తాంటే అది గమ్మున కూర్చుంటాండె.” ఆమె సంచిని గోడ వైపు ఇంకాస్త జరిపింది. “కండెలు ఇంకెవరితోనన్నా చుట్టించుకో బావా.”

“పనెందుకు మానుకుంటావు? ఎట్ల బతుకుతావు?” అంటూ ఉరుకుందమ్మ ఆమె వెంట గుమ్మందాకా పోయింది. అక్కడ గొంతు తగ్గించింది. “ఓబులమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. బయట ఎవరితోనూ అనొద్దు.”

“నేనెవరికి చెప్పేదక్కా? ఊరంతా చూసినారు గదా.”

ఆమె చెప్పులు వేసుకుని పోయింది. ఉరుకుందమ్మ గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేసింది.

చౌడేశ్వరి మిద్దె మెట్లెక్కింది.

మిద్దె మీది గదిలో శేఖరు చాప మీద పడుకుని ఉన్నాడు. పూర్తి పేరు సోమశేఖర్. కర్నూలులో చదువు మధ్యలో మానేసి వచ్చినప్పటి నుంచి ఆ గదే అతని లోకం. పోలీసులు మొదటి ఫోను తీసుకున్నాక, పిల్లోడు ఇంట్లో కూర్చునైనా ఏదో కోర్సు నేర్చుకుంటాడని తల్లి కొత్త ఫోను కొనిచ్చింది. అది అతని గుండె మీద బోర్లా పెట్టి ఉంది.

“నాయనకు తెలిసిపోయింది” అంది చౌడేశ్వరి.

అతను లేచి కూర్చున్నాడు. “నాయన చూసినాడా? చివరిదాకా చూసినాడా?”

ఆ గొంతులో భయం ఉంటుందనుకుంది. ఉన్నది భయం కాదు.

“చూసినాడు.”

“వంటింటి సీను బాగా వచ్చింది గదక్కా?”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతని మొహం చూసింది. బడిలో వ్యాసరచన పోటీకి పేరిచ్చిన పిల్లలు ఫలితం చెప్పేముందు అలా చూస్తారు. అప్పుడు అర్థమైంది. గోడకు ఆనుకుంది.

“నువ్వు పంపినావా?”

“కింద నంబరు వస్తాది గదా, మీకు తెలిసిన కథలుంటే పంపండి అని. పేరు లేకుండా పంపినా. శానా రాసినా. సగం తీసేసినారు. వంటింటిది మాత్రం నేను రాసింది రాసినట్టే పెట్టినారు.”

“కింద అమ్మ నన్ను అంటాండాది. రాత్రి నుంచి.”

“వింటాండా.”

“వింటా పండుకున్నావా?”

అతను ఫోనును ఒళ్లో పెట్టుకున్నాడు.

“యాలరా? నిన్ను విడిచిపెట్టినారు గదా. ఎవరికీ తెలీదు గదా. మల్ల ఎందుకు?”

శేఖరు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. “నేను రాసింది ఎవరన్నా చదివినారాక్కా ఎప్పుడన్నా? కాలేజీలో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు, సీమ యాస అని. ఇంట్లో నేనొక మాటంటే నాయన మగ్గం ఆపినాడా? గ్రూపులో వాళ్లు నేను రాసింది చదువుతారు. ఇంకా రాయి అంటారు. నన్ను రైటర్ అంటారు.”

“అంటారా? ఆ గ్రూపు మూసేసినారని పోలీసోళ్లతో చెప్పినావు.”

“అది మూసేసినారు. ఇది వేరే.”

అతనే చూపించాడు. బలవంతం చేయనక్కర్లేకపోయింది. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరస వరసగా పైకి పోతున్నాయి. మధ్యలో నవ్వే బొమ్మలు, మంటల బొమ్మలు. మన రైటర్ టీవీలోకి వచ్చాడు. మన ఆటే సీరియల్ అయింది. ఒకడు నిన్నటి సీరియల్లో కాలువ సీను ముక్క కత్తిరించి పెట్టాడు. దాని కింద ఎన్నో చప్పట్లు.

చౌడేశ్వరి వేలితో కిందికి జరిపింది.

ఒక ఫొటో. గండికోట లోయ అంచున బడి యూనిఫాంలో ఒక పిల్ల. ఎండకు కళ్లు చికిలించి నవ్వుతోంది. కింద రాసి ఉంది: హర్షిణి. కడప పక్క. నాన్న కువైట్‌లో. అమ్మకు చదువు రాదు.

దాని కింద ఎవరో రాశారు: రైటర్, కథ మొదలుపెట్టు.

“మొదలుపెట్టినావా?” ఆమె ఫోను లాక్కుని ఆ ఫొటో అతని మొహం ముందు పెట్టింది. “శేఖరూ, ఈ పాపతో మాట్లాడతాండావా?”

“ఊరికే. ఫ్రెండు మాదిరి.”

“ఏ పేరుతో?”

అతను పిట్టగోడ వైపు చూశాడు.

“చెప్పురా. ఏ పేరుతో మాట్లాడతాండావు?”

“యామిని అని” అన్నాడు.

చౌడేశ్వరి చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది. ఆ పిల్ల నంబరు ఎక్కడుందో వెతకాలని గబగబా ఏదో నొక్కింది. ఏదో మూసుకుపోయింది, ఇంకేదో తెరుచుకుంది.

“ఇటియ్యి.”

మెట్ల మీద ఉరుకుందమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. చెయ్యి చాచి నిలబడింది.

“అమ్మా, నేనడిగింది విన్నావా? టీవీకి పంపింది వీడే. ఇంకో పాప ఉండాదమ్మా. కడప పక్క పాప. చూడు, ఇదిగో…”

చూస్తుందనే ఇచ్చింది. ఉరుకుందమ్మ ఫోను అందుకుని, తెర వైపు కన్నెత్తకుండా మెట్లు దిగిపోయింది. పెరట్లో బట్టలుతికే బండ ఉంది. పక్కనే రోకలి ఆనించి ఉంది.

మొదటి దెబ్బ చప్పుడుకు చౌడేశ్వరి మెట్ల మధ్యలో ఉంది.

“అమ్మా! ఆ పాప నంబరు దాంట్లోనే ఉండాది! వద్దమ్మా!”

రెండో దెబ్బ. మూడో దెబ్బ. అద్దం ముక్కలు తడి నేల మీద చెల్లాచెదరయ్యాయి. కూతురు వచ్చి రోకలి పట్టుకునేసరికి బండ మీద మిగిలింది వంగిపోయిన రేకు ముక్క.

“అయిపోయింది” అంది ఉరుకుందమ్మ రొప్పుతూ. “ఇంక ఫోనూ లేదు, ఏమీ లేదు.”

“ఆ పాపకు ఇప్పుడెట్ల చెప్పేది? ఎవరని వెతికేది? గ్రూపులో మిగతా వాళ్లంతా ఉండారమ్మా. వీడు కాకపోతే ఇంకోడు.”

“కడప యాడ, మనం యాడ. ఆ పిల్లకు వాళ్లమ్మ ఉండాది. చూసుకుంటాది.”

“వాళ్లమ్మకు చదువు రాదు.”

“నాకొచ్చునా?” అంది ఉరుకుందమ్మ. “నా బిడ్డను నేను చూసుకోలేదా?”

శేఖరు పెరటి గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటూ. “ఇంకెప్పుడూ చేయనమ్మా” అన్నాడు. తల్లి పోయి అతన్ని భుజానికి ఆనించుకుంది.

“చూసినావా?” అంది కూతురితో. “చేయనంటాండాడు.”

సోమన్న ఎప్పుడో గుంతలోంచి లేచాడు. కొక్కానికి ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పడ్డాయి.

“చౌడీ, పద.”

“యాడికి?” అంది ఉరుకుందమ్మ.

ఆయన గుమ్మం వైపు నడిచాడు. ఆమె వెనకాలే వీధి గుమ్మందాకా వచ్చింది. “యాడికయ్యా? నా బిడ్డను పట్టియ్యడానికా? నువ్వు తండ్రివేనా? చౌడీ, నువ్వన్నా చెప్పు! నిన్ను అనరాని మాటలన్నా, తప్పయిపోయింది, ఆపే తల్లీ!”

అనరాని మాటలన్నందుకు తల్లి తప్పు ఒప్పుకోవడం చౌడేశ్వరి ఎప్పుడూ వినలేదు. కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. తండ్రి మాత్రం వెనక్కి చూడలేదు. ఆమె ఆయన వెంట నడిచింది.

వాళ్లు పోతుంటే వీధిలో ఒక ఇంట్లో మగ్గం ఆగింది. తర్వాత ఇంకో ఇంట్లో ఆగింది. ఎవరూ పలకరించలేదు.

స్టేషన్‌లో ఎస్సై మెత్తని మనిషి. యామిని కేసు చూస్తున్నది ఆయనే. కూర్చోమన్నాడు. చౌడేశ్వరి అంతా చెప్పింది. వంటింట్లో తల్లి అన్న మాటతో సహా చెప్పింది, ఫోను పగిలిపోయిందనీ చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా తండ్రి వైపు చూడలేదు.

“పిల్ల ఇంటిపేరు?” అన్నాడు ఎస్సై.

“తెల్దు సార్.”

“ఊరు?”

“కడప పక్క అని ఉండాది. అంతే.”

“కడప పక్క అంటే ఎన్ని ఊర్లమ్మా! బడి పేరు? యూనిఫాం మీద ఏమన్నా రాసి ఉండిందా?”

“గమనించలేదు సార్. గండికోట కాడ తీసిన ఫొటో.”

“పిల్లల్ని గండికోటకు తీసుకపోని బడి ఈ రెండు జిల్లాల్లో ఏది?” విసుగుతో కాదు, నిజంగానే అడిగాడాయన. కడపకు ఫోను చేశాడు. అవతలి వాళ్లు కూడా అవే ప్రశ్నలు అడిగారని ఆయన జవాబుల్ని బట్టే తెలిసింది. “అవును, హర్షిణి. తండ్రి కువైట్‌లో. లేదండీ, అంతకన్నా లేదు. తెలుసు, తెలుసు. ఏ పల్లెకు పోయినా కువైట్ ఇళ్లే. ఏదన్నా దొరికితే చెప్పండి.”

ఫోను పెట్టి ఎస్సై కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఫోను ఇవ్వండి. ముక్కలైనా సరే, ల్యాబుకు పంపిద్దాం. ఎవరు పగలగొట్టింది?”

చౌడేశ్వరి నోరు తెరిచింది. అమ్మ అనే మాట నాలిక చివరికి వచ్చింది.

“నేనే సార్” అన్నాడు సోమన్న.

ఆమె గబుక్కున తిరిగింది. తండ్రి బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జీవితమంతా నాడె విసిరిన చెయ్యి. వేళ్లు విరిగిపోతాయన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

“దాంట్లో సాక్ష్యం ఉందని తెలిసే పగలగొట్టినావా?”

“తెలిసే.”

“నాయనా…”

“నువ్వు గమ్మునుండు. కోపంలో చేసినా సార్. ముందు చెరిపించింది కూడా నేనే. నా పెండ్లాం అనినట్టు టీవీ వాళ్లు పెట్టుకున్నారు. దానికేం తెల్దు. చదువు రాదు దానికి.”

ఎస్సై తండ్రినీ కూతురినీ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదని మొహంలోనే తెలుస్తోంది. చౌడేశ్వరి చెప్పింది ఒకటి, ఆయన చెబుతున్నది ఇంకొకటి. “ఆ పొద్దు నువ్వు కర్నూలు ఆస్పత్రిలో ఉన్నావు సోమన్నా” అన్నాడు నెమ్మదిగా. “నీ సంతకం నేనే తీసుకున్నా.”

సోమన్న తల ఎత్తలేదు. “నేనే సార్” అన్నాడు మళ్లీ.

 గోడ అవతల వైర్‌లెస్‌లో ఎవరో ఏదో ఊరి పేరు చెబుతున్నారు.

“నువ్వు ఈడే కూర్చో” అన్నాడు ఎస్సై చివరికి. “జీపు మంత్రాలయం బందోబస్తుకు పోయింది. రాగానే మీ ఇంటికి పోదాం. అబ్బాయి ఇంట్లోనే ఉండాడు గదా?”

“ఉండాడు సార్. యాడికీ పోడు. పోయేదానికి వానికి ఎవరుండారు?” అన్నాడు సోమన్న.  టవల్లో మొహం దాచుకున్నాడు.

చౌడేశ్వరి వరండాలోకి వచ్చింది. ఎండ తెల్లగా కొడుతోంది. యామినిని పలకరించి నెలలయిందని గుర్తొచ్చింది. వేంపల్లెకు ఫోను చేసి, యామిని చెవి దగ్గర పెట్టమని గోపీనాథ్‌ను అడిగితే? ఏం చెప్పాలి? నీ పేరు పెట్టుకుని ఇంకో పిల్లను పిలుస్తున్నారని ఏ నోటితో చెప్పాలి?

బ్యాగులో ఫోను మోగింది. తల్లి.

“మీ నాయన యాడ?” ఉరుకుందమ్మ గొంతు అలసిపోయి ఉంది. పోట్లాట లేదు.

“ఈడే ఉండాడు. లోపల.”

“ఏం చెప్పినాడు?”

చౌడేశ్వరి స్తంభానికి నుదురు ఆనించింది. “నువ్వు చేసిందంతా తానే చేసినానంటాండాడు.”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. 

“అన్నం తిన్నాడు వాడు” అంది ఉరుకుందమ్మ, వేరే ఏమీ దొరకనట్టు. “నేనే కలిపి పెట్టినా. పిచ్చి పట్టినట్టు ఒకటే ఏడుపు. చౌడీ, వాడు నా ఫోను అడుగుతాండాడు. రోంతసేపు ఇయ్యమ్మా, ఒక పిల్లకు నేను తప్పు చేసినానని చెప్పాల అంటాండాడు. తప్పయిపోయిందని చెప్తానంటాండాడు. మంచిదే గదా? ఇయ్యాల్నా?”

“ఇయ్యొద్దు!” వరండాలో ఉన్న కానిస్టేబులు తిరిగి చూశాడు. “అమ్మా, ఇయ్యొద్దు. ఏం చెప్పినా ఇయ్యొద్దు. ఆ పాప నంబరు వానికి నోటికి వచ్చేమో, అది కావాల మనకు. మేం జీపులో వస్తాండాం. అంతవరకు నీ దగ్గరే పెట్టుకో. వింటాండావా?”

తల్లి వినడం లేదు. ఆమె గొంతు ఫోనుకు దూరంగా, మెత్తగా, వేరే ఎవరితోనో మాట్లాడుతోంది.

“ఏడవద్దురా. ఇస్తాండాలే. ఇదిగో, మీ అక్కతో మాట్లాడేది అయిపోయింది…”

లైను తెగింది.

చౌడేశ్వరి వెంటనే మళ్లీ కలిపింది. మళ్లీ కలిపింది. ప్రతిసారీ అవతల బిజీ వస్తోంది.